కాలు ఇంకా తిమ్మిరిగానే ఉంది: నేరం సూదిదా, కాన్పుదా?

కాన్పయిన మర్నాడు మంచం దిగబోతే ఒక పాదం పైకి లేవడం లేదు, నేలకు ఈడుస్తోంది. లేదా తొడ పక్కన అరచేతి మేర మొద్దుబారిపోయింది, గిల్లినా తెలియడం లేదు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లూ, పక్క మంచం ఆవిడా మొదట అనే మాట ఒకటే: "వెన్నులో సూది పొడిచారుగా, దాని వల్లే." ఒక్కోసారి వార్డు డాక్టరు కూడా అదే అంటారు. ఈ మాట చాలాసార్లు తప్పు. ఎప్పుడో అరుదుగా నిజం. కానీ నిజమైన రోజున చేతిలో ఉండేవి గంటలే. ఈ విషయం మీద జనంలో ఉన్న భయంలో సగం, ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిందే అనిపిస్తుంది నాకు.

ముందు అంకెలు చూద్దాం. 2003లో అచ్చయిన ఒక చికాగో అధ్యయనంలో కాన్పయిన 6,000 మందికి పైగా తల్లులను ఒక్కొక్కరినీ అడిగి, అనుమానం ఉన్నవాళ్లను పరీక్షించి చూశారు. 56 మందికి నడుము కింది నరాల్లో కొత్తగా దెబ్బ కనిపించింది. అంటే నూటికి దాదాపు ఒకరు. వాళ్లలో ఎక్కువగా కనిపించిన విషయాలు రెండు: అది మొదటి కాన్పు కావడం, బిడ్డను బయటికి తోసే దశ చాలాసేపు సాగడం. వెన్ను మత్తుకూ ఈ దెబ్బలకూ లంకె దొరకలేదు. మరోవైపు, కాన్పులో ఎపిడ్యూరల్ (నడుములో సన్నని గొట్టం పెట్టి ఇచ్చే మత్తు) తీసుకున్న సుమారు 13.7 లక్షల మంది లెక్కలను కలిపి చూసిన 2006 నాటి సమీక్ష ఒకటి ఉంది. చాలాకాలం మిగిలిపోయే నరాల దెబ్బ 2,40,000 మందిలో ఒకరికి, వచ్చి పోయేది 6,700 మందిలో ఒకరికి అని అది తేల్చింది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ అనెస్థెటిస్ట్స్ 2009లో బయటపెట్టిన జాతీయ ఆడిట్ ఇదే ప్రశ్నను ఇంకోలా అడిగింది. కాన్పుల విభాగంలో, అనుమానం ఉన్న ప్రతి కేసునూ సూది ఖాతాలోనే వేస్తే శాశ్వత నష్టం 80,000 మందిలో ఒకరికి. ఖాయంగా సూది వల్లే అని చెప్పగలిగినవి మాత్రమే లెక్కిస్తే సుమారు 3,20,000 మందిలో ఒకరికి.

నూటికి ఒకటి ఒకవైపు, లక్షల్లో ఒకటి మరోవైపు. మొదటిది చాలామటుకు కాన్పు చేసే పని, రెండోది మత్తు చేసే పని.

అలాగని మత్తు ఏమీ ఎరగదు అనడానికి లేదు. కాళ్లు మొద్దుబారి ఉన్న మనిషి ఒకే భంగిమలో గంటసేపు ఉన్నా నొప్పి తెలియదు. మామూలుగా అయితే "కాలు పట్టేసింది, పక్కకు తిప్పండి" అని అరిచే సందర్భంలో ఆమె ఊరుకుంటుంది. నరం మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. సూది నరాన్ని తాకకపోయినా, సూది తెచ్చిన మౌనం నరానికి చెరుపు చేయగలదు. అందుకే ఎపిడ్యూరల్ నడుస్తున్నంతసేపూ కాళ్ల భంగిమను మధ్యమధ్యలో మార్చడం చుట్టూ ఉన్నవాళ్ల పని అవుతుంది.

సూది ఎక్కడికి వెళ్తుంది

స్పైనల్, ఎపిడ్యూరల్ రెండూ నడుము దగ్గరే వేస్తారు కాబట్టి రెండిటినీ కలిపి "వెన్ను మత్తు" అంటాం. లోపల మాత్రం అవి వేర్వేరు చోట్ల ఆగుతాయి. వెన్నుపాము చుట్టూ డ్యూరా అనే గట్టి పొర ఒక సంచిలా ఉంటుంది. దాని లోపల నీళ్లలాంటి ద్రవం. స్పైనల్‌లో సన్నని సూది ఆ సంచిని దాటి ద్రవంలోకి వెళ్తుంది, రెండు మూడు మిల్లీలీటర్ల మందుతో పని అయిపోతుంది. ఎపిడ్యూరల్ సంచి బయటే ఆగుతుంది. అక్కడ కొవ్వు, రక్తనాళాలు ఉంటాయి. లావు సూదితో ఆ ఖాళీలోకి చేరి, సన్నని గొట్టం వదిలి, నొప్పులు సాగినంతసేపూ మందు ఎక్కిస్తారు.

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలో, అంటే మొదటి రెండు నడుము పూసల దగ్గర అంతమవుతుంది. అక్కడి నుంచి కిందికి నరాల పోగులు వేలాడుతుంటాయి. గుర్రపుతోకలా ఉంటాయని వైద్యశాస్త్రం వాటికి ఆ పేరే పెట్టింది. సూదిని సాధారణంగా మూడు, నాలుగు పూసల మధ్య గానీ ఇంకా కింద గానీ వేస్తారు. అక్కడ పాము ఉండదు, పోగులు సూది తగిలితే పక్కకు జరుగుతాయి.

ఇంతవరకూ పుస్తకం చెప్పే మాట. ఏది మూడో పూసో మత్తు డాక్టరు చేత్తో తడిమి తెలుసుకోవాలి. తుంటి ఎముకల పైఅంచుల మధ్య ఒక గీత ఊహించుకుని, దాన్నిబట్టి లెక్క కడతారు. ఈ లెక్క ఎంత సరిగ్గా ఉంటుందో ఎమ్మారైతో సరిచూసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. మత్తు డాక్టర్లు గుర్తుపెట్టిన చోటు సరైనది అయింది నూటికి 29 సార్లే. తప్పినప్పుడు ఎక్కువగా వాళ్లు అనుకున్నదానికంటే పైన ఉంది. నిండు గర్భిణికి నడుం వంగదు, ఒంటికి నీరు పడుతుంది, కాబట్టి పని ఇంకా కష్టం. దానికి తోడు కొందరిలో వెన్నుపాము మామూలుకన్నా కిందికి దిగి ఉంటుంది. డాక్టరు లెక్క ఒక పూస పైకి తప్పి, ఆమె పాము ఒక పూస కిందికి ఉంటే, సూది పాము చివరను తాకే అవకాశం ఏర్పడుతుంది. 2001లో ఇలాంటి ఏడు కేసులను ఒకచోట చేర్చి ప్రచురించారు. ఏడుగురూ స్త్రీలే. సూది వేసేటప్పుడు వాళ్లందరికీ నొప్పి కలిగింది.

నేను ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే తల్లి చేతిలో ఏదైనా ఉన్న ఘట్టం ఇదొక్కటే. సూదో గొట్టమో నరాన్ని తాకితే కాల్లోకి కరెంటు కొట్టినట్టు ఒక్క క్షణం జిల్లుమంటుంది. ఇది చాలామందికి జరుగుతుంది, జరిగినంత మాత్రాన కీడేమీ లేదు. ఆ జిల్లు ఆగకపోయినా, మందు ఎక్కిస్తుండగా నొప్పి పుట్టినా అది వేరే సంగతి. అప్పుడు మందు ఆపాలి, సూది వెనక్కి తీయాలి. కానీ ఆ టెన్షన్‌లో "కదలకమ్మా, కదలకు" అన్న మాటను చాలామంది "మాట్లాడకు" అని అర్థం చేసుకుంటారు. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటారు. ఒళ్లు కదలకూడదు, నిజమే. నోరు మాత్రం కదలాలి. "కుడి కాల్లో షాక్ కొడుతోంది" అని ఏ కాలో కూడా చెప్పగలిగితే, సూది మధ్యగీత నుంచి ఎటు పక్కకు జరిగిందో డాక్టరుకు తెలిసిపోతుంది.

బిడ్డ తల చేసే పని

కటి ఎముకల అంచు మీదుగా నడుము నుంచి కాలికి దిగే నరాల కట్ట ఒకటి ఉంది. బిడ్డ తల ఆ అంచు దాటేటప్పుడు ఎముకకూ తలకూ మధ్య ఆ కట్ట నలుగుతుంది. పెద్ద బిడ్డ, ఇరుకు దారి, గంటలకొద్దీ నొప్పులు, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకారు) వాడాల్సి రావడం లాంటివి కలిస్తే ప్రమాదం పెరుగుతుంది. తర్వాత కనిపించేది ఒక పాదం వేలాడిపోవడం. నడిచేటప్పుడు బొటనవేలు నేలను గీస్తుంది.

తొడలను పొట్ట మీదికి బాగా మడిచి చాలాసేపు పట్టుకుంటే గజ్జల దగ్గర రెండు నరాలు నొక్కుకుపోతాయి. ఒకటి తొడ బయటి వైపు చర్మానిది. దాని వల్ల మొద్దుబారడం, మంట తప్ప బలహీనత ఉండదు. కాన్పు తర్వాత అతి తరచుగా కనిపించేవాటిలో ఇదొకటి, దానంతటదే పోతుంది. రెండోది తొడ కండరాన్ని నడిపించే ఫిమోరల్ నరం. అది దెబ్బతింటే చదునుగా నడవగలరు గానీ మెట్లెక్కబోతే మోకాలు కూలిపోతుంది. ఇక మోకాలికి బయటి పక్క, చర్మం కిందే పోయే ఇంకో నరం ఉంది. కాళ్లు పెట్టే స్టాండు దానికి ఒత్తుకున్నా, తోసేటప్పుడు ఆమె మోకాళ్లను గట్టిగా పట్టుకున్నా, ఆ నరం నలిగి పాదం వేలాడుతుంది. మనిషి తన చేత్తో తన నరాన్నే నొక్కేసుకోవడం వింతగా అనిపించవచ్చు గానీ, వైద్య పత్రికల్లో నమోదైన సంగతే.

పాదం వేలాడటం ఒకటే అయినా కారణాలు మూడు ఉండొచ్చన్నమాట: వెన్ను దగ్గరి నరం వేరు, కటి అంచు, మోకాలి పక్క. తేడా తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. పాదాన్ని లోపలి వైపుకు తిప్పమంటారు. మోకాలి దగ్గర నలిగితే లోపలికి తిప్పే బలం అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ కండరానికి వేరే నరం వెళ్తుంది. పైన కటి దగ్గరో వెన్ను దగ్గరో దెబ్బ తగిలితే ఆ బలం కూడా తగ్గుతుంది. ఐదు నిమిషాల పరీక్ష ఇది. స్కాన్ల కోసం పరుగెత్తే ముందు నరాల డాక్టరు ఇలాంటివే చేస్తారు.

ఈ దెబ్బల్లో చాలావరకు నరం తెగదు, పైతొడుగు నలుగుతుందంతే. చికాగో అధ్యయనంలో సగం మందికి రెండు నెలల్లోపే నయమైంది. అప్పటిదాకా పాదానికి స్ప్లింటు, ఫిజియోథెరపీ, బిడ్డను ఎత్తుకుని నడిచేటప్పుడు జాగ్రత్త అవసరం.

గంటల లెక్క

ఇప్పుడు రెండో వైపు. ఎపిడ్యూరల్ ఖాళీలో రక్తనాళాలు ఉంటాయన్నాం. సూదో గొట్టమో ఒక నాళాన్ని గీరితే మామూలుగా రక్తం కాసేపట్లో ఆగిపోతుంది. గడ్డకట్టే గుణం తగ్గిన మనిషిలో ఆగకపోతే, ఆ రక్తం ఎముకల గూడులో ఎటూ పోలేక నరాలను నొక్కేస్తుంది. స్వీడన్‌లో 1990ల లెక్కల ప్రకారం కాన్పు ఎపిడ్యూరల్ తర్వాత ఇది 2,00,000 మందిలో ఒకరికి వచ్చింది. అదే దేశంలో ఎపిడ్యూరల్‌తో మోకీలు మార్పిడి చేయించుకున్న స్త్రీలలో 3,600 మందిలో ఒకరికి. అంత తేడా ఎందుకంటే, గర్భంతో ఉన్నప్పుడు రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది, పైగా వయసు చిన్నది కాబట్టి వెన్నులో ఇరుకు ఉండదు. ప్రకృతి ఇక్కడ తల్లి పక్షమే.

ఆ రక్షణ పోయే సందర్భాలు తెలుసు. తీవ్రమైన బీపీతో ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడం ఒకటి. రక్తం పలచబడే మందులు రెండోది. ప్లేట్‌లెట్లు 70,000 పైన ఉండి, వేరే రక్తస్రావ లక్షణాలు లేకపోతే వెన్ను మత్తుకు సాధారణంగా వెనకాడనక్కర్లేదని అమెరికా ప్రసూతి మత్తు నిపుణుల సంఘం 2021లో చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎల్‌ఎండబ్ల్యూ హెపారిన్ ఇంజెక్షన్ తక్కువ మోతాదులో తీసుకుంటే సూదికి ముందు 12 గంటలు, పూర్తి మోతాదైతే 24 గంటలు ఆగుతారు. చాలామందికి తట్టని విషయం ఒకటుంది: గొట్టం పెట్టేటప్పుడు ఎంత ప్రమాదమో, తీసేటప్పుడూ దాదాపు అంతే. అందుకే హెపారిన్ సమయాన్ని గొట్టం తీసే సమయంతో కూడా సరిచూడాలి.

రక్తం గడ్డకట్టి నొక్కుతోందని తెలిసేదెలా? వెన్నునొప్పి రావాలని లేదు. అసలు గుర్తు తిమ్మిరి నడిచే దిశలో ఉంటుంది. మత్తు ఎప్పుడూ దిగుతూ పోవాలి. గంట గంటకూ కాలు తేలికవ్వాలి. తగ్గాల్సిన సమయానికి తగ్గకపోయినా, తగ్గిన తిమ్మిరి మళ్లీ ఎక్కినా, ఒక కాలి నుంచి రెండో కాలికి పాకినా, మల మూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా అది మత్తు పని కాదు. మూత్రం ఆగిపోవడం కూడా పెద్ద గుర్తే గానీ, కాన్పు తర్వాత చాలామందికి మూత్రపు గొట్టం ఉంటుంది కాబట్టి బయటపడదు. ఇలాంటి గడ్డను 8 నుంచి 12 గంటల్లోపు ఆపరేషన్ చేసి తీస్తే కాళ్లు తిరిగొచ్చే అవకాశం బాగుంటుంది. ఆ తర్వాత గంట గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘాలు 2020లో ఇచ్చిన మార్గదర్శకం ఈ సమస్యను చాలా తేలిక పరీక్షకు తెచ్చింది. చివరి మోతాదు ఇచ్చిన 4 గంటలకు, పడుకునే ఉండి, మోకాలు మడవకుండా మడమను మంచం మీంచి పైకెత్తమంటారు. ఒక కాలు, తర్వాత రెండో కాలు. ఎత్తలేకపోతే మత్తు డాక్టరును పిలవాలి. నర్సు చేయవచ్చు, ఖర్చు లేదు, యంత్రం లేదు. మత్తు వైద్యంలో ఇంత చవకగా ఇంత పెద్ద ప్రమాదాన్ని పట్టే పరీక్ష ఇంకోటి నాకు తట్టడం లేదు. దీనికి అడ్డం వచ్చేది "ఇంకా మత్తు దిగలేదులే, పొద్దునకల్లా సర్దుకుంటుంది" అన్న మాటే. కాన్పు నరాల దెబ్బలు మామూలే కదా అన్న ధీమా కూడా ఇక్కడ శత్రువే. వందలో ఒకరికి వచ్చేదాన్ని చూసి చూసి అలవాటుపడ్డ కన్ను లక్షల్లో ఒక్కదాన్ని గుర్తుపట్టలేదు.

చీము పడితే కాలం వేరుగా నడుస్తుంది. చర్మం మీది సూక్ష్మజీవి గొట్టం వెంట లోపలికి చేరి, కొన్ని రోజుల తర్వాత, చాలాసార్లు ఇంటికి వెళ్లాక, జ్వరం, సూది వేసిన చోట తీవ్రమైన నొప్పి, ఆపైన కాళ్ల బలహీనతగా బయటపడుతుంది. 2006 సమీక్ష ప్రకారం 1,45,000 మందిలో ఒకరికి. మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల ఇన్ఫెక్షన్) మాత్రం ఒక్క రోజులోనే రావచ్చు, అది తరచు నోట్లో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. 2008, 2009లలో అమెరికాలోని న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లో ఐదుగురు తల్లులకు ఇలా వచ్చింది, ఒకరు చనిపోయారు. ఒహాయోలో సూది వేసిన డాక్టరు మాస్కు పెట్టుకోలేదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ మాస్కు పెట్టుకోవాలన్న నియమం మామూలు లాంఛనం కాదని ఆ ఘటన చూపింది.

మందే తప్పయితే

సూది సరైన చోటికే వెళ్లి, సిరంజిలో తప్పు మందు ఉంటే? ఇవి అతి అరుదు, కానీ నష్టం భయంకరం. 2010లో ఆస్ట్రేలియాలో ఒక కాన్పులో ఎపిడ్యూరల్‌లోకి సెలైన్‌కు బదులు చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ వెళ్లింది. ఆ రసాయనం నరాల చుట్టూ ఉన్న పొరలను మంటెక్కించి, అతుక్కుపోయేలా చేస్తుంది. అందుకే చర్మానికి రాసే ద్రవాన్ని, నరాల దగ్గరికి వెళ్లే మందుల ట్రేలో ఉంచకూడదని, చర్మం పూర్తిగా ఆరాకే సూది వేయాలని గట్టిగా చెబుతారు.

రెండోది ట్రానెక్సామిక్ యాసిడ్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే మంచి మందు, అందుకే అదే గదిలో ఉంటుంది. దాని చిన్న గాజు యాంప్యూల్ కొన్నిచోట్ల స్పైనల్ మందు యాంప్యూల్‌లాగే కనిపిస్తుంది. అది పొరపాటున వెన్ను ద్రవంలోకి వెళ్తే ఆగని మూర్ఛలు వస్తాయి. 2019లో ఒక సమీక్ష ఇలాంటి 21 కేసులు సేకరించింది, వాటిలో 10 మంది చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. రెండు మందుల్నీ వేర్వేరు చోట్ల పెట్టండి, లేబుల్ చదవండి అన్నదే అందులోని సారాంశం. చేయి తిరిగిన డాక్టరుకైనా అలసటలో రెండు గాజు యాంప్యూళ్లు ఒకేలా కనిపిస్తాయి. ఆ తప్పును మనిషి జాగ్రత్త మీద వదిలేయడం కంటే అల్మారా అమరిక మార్చడం మేలు.

తలనొప్పి దగ్గర కథ తిరగబడుతుంది

ఎపిడ్యూరల్ లావు సూది పొరపాటున డ్యూరా సంచిని చీలిస్తే ద్రవం కారిపోతుంది. అలా జరిగినవాళ్లలో సుమారు సగం మందికి, లేదా ఇంకా ఎక్కువమందికి తలనొప్పి వస్తుంది. స్పైనల్‌కు వాడే పెన్సిల్ మొన లాంటి సన్న సూదులతో నూటికి ఒకరికి మించదు. లేచి కూర్చుంటే తల బద్దలవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. బాగా ఇబ్బంది పెడితే బ్లడ్ ప్యాచ్ చేస్తారు: ఆమె చేతి నుంచే 20 మిల్లీలీటర్ల దాకా రక్తం తీసి ఎపిడ్యూరల్ ఖాళీలోకి ఎక్కిస్తే, అది చిల్లును మూస్తుంది. కొందరికి ద్రవం తగ్గి మెదడు కాస్త కిందికి జారడం వల్ల కంటిని పక్కకు తిప్పే ఆరో నరం లాగినట్టయి, ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది.

కాలి విషయంలో జనం అనవసరంగా సూదిని తిడతారు. తల విషయంలో "సూది తలనొప్పేలే" అన్న ఊరడింపే ముప్పు తెస్తుంది. కిందికి జారిన మెదడు పైన సాగిన సన్న రక్తనాళం తెగితే పుర్రె లోపల రక్తం చేరుతుంది. 2020లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఈ తలనొప్పి వచ్చిన తల్లుల్లో లక్షకు 147 మందికి ఇలా రక్తం చేరింది. తల్లులందరినీ కలిపి చూస్తే లక్షకు 1.5. గుర్తు పట్టడానికి భంగిమే ఆధారం. అంతవరకూ పడుకుంటే తగ్గిన నొప్పి ఇప్పుడు పడుకున్నా తగ్గకపోతే, దానికి మగత, వాంతులు, ఒక పక్క బలహీనత, మూర్ఛ లాంటివి తోడైతే, అది సూది తలనొప్పి పరిధి దాటిపోయింది. పైగా కాన్పు తర్వాతి రోజులు బీపీ పెరగడానికీ, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడానికీ కూడా అనువైనవి. అవి కూడా తలనొప్పిగానే మొదలవుతాయి.

ఇంకో రెండు విషయాలు, పెద్దగా భయపడక్కర్లేనివి. ఎపిడ్యూరల్ నడుస్తుండగా ఒక కంటి రెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే, మందు పైదాకా ఎక్కి ఒక నరాల గొలుసును తాత్కాలికంగా మొద్దుబార్చిందన్నమాట. డాక్టరుకు చెబితే చాలు, గంటల్లో పోతుంది. రెండోది నడుంనొప్పి. సూది వేసిన చోట నాలుగు రోజులు నొప్పి ఉండొచ్చు. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ చీటీలు వేసినట్టు విడదీసి చూసిన పరిశోధనల్లో దీర్ఘకాలపు నడుంనొప్పి ఇద్దరిలోనూ ఒకేలా ఉంది.

కారణం తేలకపోతే చివరికి ఈఎంజీ అనే కండరాల పరీక్ష చేస్తారు. దానికో విచిత్రమైన గుణం ఉంది. నరం దెబ్బతిన్న వెంటనే అందులో ఏమీ కనిపించదు. కండరం నరాన్ని కోల్పోయిన గుర్తులు బయటపడడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకని కొందరు నిపుణులు మొదటి వారంలోనే ఒకసారి, మూడు వారాల తర్వాత మరోసారి చేయిస్తారు. వెన్ను పక్కనున్న కండరాల్లో కూడా మార్పు ఉంటే దెబ్బ వెన్ను దగ్గరే తగిలింది. అవి బాగుండి కాలి కండరాలు మాత్రమే మారితే కిందెక్కడో నలిగింది. మొదటి వారపు పరీక్షలోనే ఆ గుర్తులు కనిపిస్తే, ఆ నరం ఆమె ఆస్పత్రి గడప తొక్కక ముందే దెబ్బతిని ఉంది.